పారల మంద, మూడో మెట్టు

2008 ఫిబ్రవరి 13, బుధవారం, రథసప్తమి. తెల్లవారుజామున మూడుంబావుకి పోర్ట్‌బ్లెయిర్ శివారు బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, ఆటో ఎక్కాను. దీవుల ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్‌కి బస్సు నాలుగింటికి. టికెట్టు ముందురోజే కొనిపెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి. కిటికీ సీటు అడగండి, కుడివైపు. ఎడమవైపు కూర్చుంటే మధ్యాహ్నం నుంచి ఎండ మీ ఒళ్ళోనే ఉంటుంది.

నా వయసు డెబ్బై రెండు. సంచిలో రెండు చీరలు, ఒక టార్చి, దర్జీ టేపు, మందుల డబ్బా, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, ఒక పాత పుస్తకం. ఈ ప్రయాణమంతా ఆ పుస్తకం కోసమే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

మా ఆయన డిగ్లీపూర్ అవతల ఏరియల్ బేలో జెట్టీ కాపలాదారుగా పనిచేశారు. సముద్రం పోటు ఎంతవరకు వచ్చిందో రోజూ రాయడం ఆయన పని. పోటు వేళకి సరిగ్గా నిద్రపోవడం ఆయన అలవాటు. అందుచేత పదహారేళ్ళు ఆ రాత నేనే రాశాను. కొలబద్ద ఏమీ లేదు, జెట్టీ మెట్లే కొలబద్ద. పైనుంచి లెక్కపెట్టి, నీళ్ళు ఏ మెట్టు తాకితే ఆ అంకె వేయడం. మా వాళ్ళు అక్కడ రోజు పనులన్నీ మెట్ల మీదే చెప్పుకుంటారు. "ఐదో మెట్టుకి పడవ తీద్దాం", "ఏడో మెట్టుకి వచ్చెయ్" అంటే ఎవరికీ గడియారం అక్కర్లేదు.

ఆ పుస్తకంలో మా ఆయన పైవాళ్ళు అడగని గడి ఒకటి నేను గీసుకున్నాను. అది పారల గడి. పార చేప అంటే మీకు తెలుసు, కూరకి మంచిది. కానీ కూరలో చూసినవాళ్ళు పారని చూసినట్టు కాదు. పగలు అవి గుంపు కట్టి, తోమిన వెండి పళ్ళాలు నిలువుగా నిలబెట్టినట్టు, ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటాయి. ఎర వేసినా మూతి తిప్పుకుంటాయి. పొద్దు గుంకితే గుంపు విడిపోయి దేని వేటకి అది పోతుంది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ వరసలో ఉంటుంది. ఈ మంద పగడపు గట్టు అవతల లోతులో ఉంటుంది. గట్టు మీద చాలినంత నీరుంటేనే దాటి జెట్టీ నీడలోకి వస్తుంది. చాలినంత అంటే ఎంత? మూడో మెట్టు తడవాలి. పదహారేళ్ళ రాతలో దీనికి తప్పు లేదు. మూడో మెట్టు తడిస్తే పారలు ఉన్నాయి, తడవకపోతే లేవు.

ఇక వెళ్ళడానికి కారణం. మా చెల్లెలు నూకాలు ఆ జెట్టీ దగ్గరే చిన్న భోజనం హోటలు నడుపుతుంది. దాని కూతురు పద్మకి ఒక పడవ ఉంది, అడుగున అద్దం బిగించిన ఒక చెక్కపెట్టె ఉంది. పెట్టెని నీటి మీద ఆనించి తొంగిచూస్తే కింద ఉన్నదంతా కనిపిస్తుంది. వచ్చేవాళ్ళకి చేపలు చూపించి బతుకుతానని అనుమతి అడిగింది. నిరుడు తనిఖీకి వచ్చినాయనకి ఒక్క చేపా కనపడలేదు. "సునామీ తరవాత ఇక్కడేమీ లేదు" అని రాసుకుపోయాడు. ఈసారి రెండో తనిఖీ, ఇదే ఆఖరు. ఇదీ పోతే పద్మ పోర్ట్‌బ్లెయిర్ వచ్చి గోల్ ఘర్‌లో బట్టల కొట్టులో నిలబడాలి. కొట్టువాళ్ళు మాట ఇచ్చేశారు. ఉండటం మా ఇంట్లో. ఆ పిల్ల తడి తువ్వాలు కుర్చీ మీద వేస్తుంది. అది నేను భరిస్తాను. కానీ ముప్పై నాలుగేళ్ళు నీళ్ళ మీద తిరిగిన మనిషి ట్యూబులైటు కింద చీరలు మడతపెడుతూ ఎన్నాళ్ళుంటుంది?

"పెద్దమ్మా, నీ కితాబ్ చూసి డేట్ చెప్పు. నాకు తెలుగు చదవడం అంత రాదు కదా" అని ఫోను చేసింది. వెనకనుంచి నూకాలు అరిచింది, "పున్నానికి రమ్మను, పున్నానికైతే అగుపిస్తాయి" అని.

పున్నానికి అంటే ఏ రోజు? ఎన్నింటికి? నూకాలుకి లెక్క రాదు. నేను పుస్తకం తీశాను. సునామీ తరవాత నేల కుంగి సముద్రం పైకొచ్చిందని మా పోర్ట్‌బ్లెయిర్‌లో ఎవరినడిగినా చెబుతారు. సిప్పీఘాట్ దగ్గర వరి పొలాలు ఇప్పుడు సముద్రం. మా దగ్గరి జెట్టీలో నేనే కొలిచాను, నాలుగు మెట్లు తేడా. కనక పాత అంకెలన్నిటిలోంచి నాలుగేసి తీసేసి ఎర్ర పెన్నుతో దిద్దాను. నవమి లాంటి చిన్న పోటుకి పూర్వం ఆరో మెట్టు తడిసేది. ఆరులోంచి నాలుగు పోతే రెండు. అంటే ఇప్పుడు నవమికి కూడా మూడో మెట్టు మునిగే ఉంటుంది. ఫిబ్రవరి 15, శుక్రవారం, నవమి, సాయంత్రం మూడూ నలభై. పద్మ ఆ తేదీనే తనిఖీకి రాసి పంపింది.

ఇంత చెప్పేసరికి బస్సు జిర్కాటాంగ్ చేరింది. ఐదూ ఇరవై. అక్కణ్ణుంచి ఆదివాసులుండే అడవిలో బళ్ళన్నీ కలిసి వరసలోనే పోవాలి. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు జీపు. మధ్యలో ముప్పై ఒక్క బళ్ళు, నేను దిగి లెక్కపెట్టాను. ఆరింటికి గేటు తీశారు. ఆగకూడదు, ఫోటో తీయకూడదు, దాటిపోకూడదు. ముందు బండి నెమ్మదిస్తే ముప్పై ఒక్కటీ నెమ్మదిస్తాయి, అది వంపు తిరిగితే అన్నీ తిరుగుతాయి.

"అచ్చం పారల మందే" అన్నాను, పక్క సీటాయనతో. బెంగాలీ రైతు, డిగ్లీపూర్‌లో పొలం. ఒళ్ళో కొత్త ప్రెషర్ కుక్కరు పెట్టుకుని దాని మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు.

"దీదీ, చేపలు చూడటానికి ఇంత దూరమా? బజార్లో దొరకవా?" అన్నాడు హిందీలో.

"బజార్లోవి తిరగవు."

ఆయన కాసేపు ఆలోచించి కుక్కరు మూత బిగించాడు.

ఏడూ నలభైకి మొదటి ఫెర్రీ. బస్సు కూడా ఫెర్రీ ఎక్కుతుంది. మనం దిగి, పక్కన నిలబడి, అవతల మళ్ళీ ఎక్కాలి. బరాటాంగ్‌లో టీ, సమోసా. సమోసా నిన్నటిది. తొమ్మిదింబావుకి రెండో ఫెర్రీ. పన్నెండూ పదికి రంగత్‌లో భోజనం, ముప్పై రూపాయలు. అన్నం, పప్పు, చేపముక్క. మజ్జిగ అడిగితే హోటలు కుర్రవాడు నన్ను మందు అడిగినట్టు చూశాడు. మాయాబందర్ దాటాక వంతెన. నాలుగూ యాభైకి డిగ్లీపూర్. అక్కడ జీపు మారి ఐదున్నరకి ఏరియల్ బే. పదమూడు గంటల ముప్పై నిమిషాలు. నడుము సంగతి రాయను.

నూకాలు గరిటెతోనే బయటికొచ్చింది. నాకన్నా ఆరేళ్ళు చిన్న, నాకన్నా రెండింతలు గొంతు.

"ఒలప్పా! వచ్చీసేవా! గడియారం కూడా వచ్చిందా, ఎనక జీపులో వస్తందా?"

పద్మ నా కాళ్ళకి దండం పెట్టి సంచి అందుకుంది. పడవకి కొత్తగా నీలం రంగు వేసింది. వేళ్ళ సందుల్లో ఇంకా రంగు పోలేదు.

గురువారం విశ్రాంతి. నూకాలు నన్ను జెట్టీ వైపు పోనివ్వలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు కాలం చేశారో చెప్పడానికి దానికి ఒక రోజు చాలలేదు. జెట్టీకి పోయి ఉంటే ఈ కథ చిన్నదయ్యేది.

శుక్రవారం మూడింటికే జెట్టీ నిండిపోయింది. తనిఖీ సారు మూడుంబావుకి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, మర్యాదగా మాట్లాడే మనిషి. ఒడ్డున టీ తాగేటప్పుడు కూడా లైఫ్ జాకెట్టు విప్పలేదు.

నేను మెట్ల దగ్గరికెళ్ళి, రెండో మెట్టు మీద కూర్చోబోయి, తడుస్తానేమోనని మొదటి మెట్టు మీద కూర్చున్నాను. మూడూ ఇరవైకి నీళ్ళు తొమ్మిదో మెట్టు మీద ఉన్నాయి. మూడున్నరకి ఎనిమిదో మెట్టు తాకాయి. మూడూ నలభైకి ఎనిమిదో మెట్టే. మూడూ యాభైకి కూడా ఎనిమిదో మెట్టే. గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది.

"మాతాజీ, ఇంకా వస్తాయా?" అన్నారు సారు.

"ఇంకా ఆరు మెట్లు రావాలి."

జెట్టీ మీద కూర్చున్న తాతారావు నవ్వాడు. ఇంజను పడవ నడుపుతాడు, మా ఆయనకి శిష్యుడు, నన్ను అత్తా అంటాడు. "అత్తా, ఆ మెట్టు మీదకి నీళ్ళు ఈయేళ రావాలంటే ఇంకో సునామీ రావాల."

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్న అక్కడున్న వాళ్ళంతా కొండెక్కి బతికినవాళ్ళే. నూకాలు అంది, "రానీరా. ఆ రోజు నువ్వు నా కంటే ముందు ఎక్కీసేవు, ఈసారి నీ లుంగీ పట్టుకునే ఎక్కుతాను." జెట్టీ అంతా నవ్వింది. నూకాలు ఆ రోజు పప్పు గిన్నె ఎత్తుకుని కొండెక్కింది. పైకెళ్ళి చూసుకుంటే చేతిలో గిన్నె లేదు, మూత ఉంది. మూడేళ్ళుగా ఊరంతా ఆ మూత సంగతి చెప్పుకుంటున్నారు.

నాలుగూ పదికి నీళ్ళు దిగడం మొదలెట్టాయి. పద్మ సారుని పడవలో కూర్చోబెట్టి అద్దం పెట్టె ఇచ్చింది. ఆయన పది నిమిషాలు చూశారు. కింద ఇసక, ఒక సీసా, ఒక చెప్పు ఉన్నాయి. "చెప్పు స్పష్టంగా కనిపిస్తోంది. అద్దం బావుంది" అన్నారు పాపం. ఆ తరవాత కాగితాలు తీసుకుని జీపెక్కి కాలీపూర్ వెళ్ళిపోయారు. ఇంకో వారం దాకా ఆయనకి ఆ చుట్టుపక్కలే పని.

"పోనీలే పెద్దమ్మా" అంది పద్మ. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అది పడవని ఒడ్డుకి లాగి, బోర్లా తిప్పేసింది. బోర్లా తిప్పిన పడవని చూస్తూ నేను అన్నం తిన్నాను. చేపల పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో రాసుకోలేదు.

16వ తేదీ, శనివారం. పొద్దున్న తొమ్మిదింటికి నీళ్ళు బాగా దిగి ఉన్నాయి. టేపు తీసుకుని జెట్టీకి వెళ్ళాను. మెట్ల పక్క గోడకి అంటుకుని ఆల్చిప్పలుంటాయి. నీళ్ళు రోజూ తాకే ఎత్తు వరకే అవి బతుకుతాయి. మా రోజుల్లో ఆరో మెట్టు దాకా ఉండేవి. ఇప్పుడూ ఆరో మెట్టు దాకా ఉన్నాయి, కానీ పైవన్నీ చచ్చినవి, సున్నం కొట్టినట్టు తెల్లగా. బతికున్నవి ఎనిమిదో మెట్టు దగ్గర మొదలయ్యాయి. టేపు పెట్టాను. పద్నాలుగు అంగుళాలు. మెట్టు ఏడంగుళాలు. సరిగ్గా రెండు మెట్లు.

నూకాలు గిన్నెలు కడగడానికి వచ్చింది.

"నూకాలూ, ఈ చిప్పలు ఎందుకు చచ్చాయే?"

"నేల లేచిపోనాది కదా అప్పా. ఆ రోజు భూకంపానికే. గట్టు మీద పగడం కూడా బయటికొచ్చి ఎండిపోనాది. ఊరంతటికీ ఎరికే."

"నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే కదా. నువ్వు ఫోను సేసి తేదీ సెప్పీసి పెట్టీసేవు."

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఒకే ఉదయం, ఒకే భూకంపం. మా ఊరిని కుంగదీసింది, మా చెల్లెలి ఊరిని లేపింది. దాని జాతకం చిన్నప్పట్నుంచీ అంతే. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని, కుంగిన ఊరి లెక్కతో లేచిన ఊరిని దిద్దాను. కలపాల్సిన చోట తీసేశాను. ఆరుకి రెండు కలిపితే ఎనిమిది. నిన్న నవమికి నీళ్ళు తాకింది ఆ మెట్టునే.

ఇంకొకటి కూడా తట్టింది, అది మరీ బాధ. నేల లేచినప్పుడు జెట్టీ ఎంత లేచిందో పగడపు గట్టూ అంతే లేచింది. కాబట్టి మూడో మెట్టు మాట ఇప్పటికీ నిజమే, దానికి దిద్దుబాటే అక్కర్లేదు. మూడో మెట్టు తడిస్తే పారలు గట్టు దాటుతాయి. తడిసే రోజులే తగ్గిపోయాయి. పూర్వం పెద్ద పున్నమి పోటుకి మొదటి మెట్టు తడిసేది. ఒకటికి రెండు కలిపితే మూడు. ఇప్పుడు ఆ ఒక్క పోటుకే మూడో మెట్టు అందుతుంది.

అంటే "పున్నానికి అగుపిస్తాయి" అన్న నూకాలు మాట అక్షరాలా సరైనది.

ఈ సంగతి దానితో చెప్పాను. అరవై ఏళ్ళ నుంచి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న మనిషి కదా, ఎగిరి గంతేస్తుందనుకున్నాను. గిన్నె తోముతూనే, "మరి సారుకి సెప్పీసిరా" అంది. తరవాత ఆ రోజు హోటలుకి వచ్చిన ప్రతివాడికీ తనే చెప్పింది, అది వేరే విషయం.

మధ్యాహ్నం జీపులో కాలీపూర్ వెళ్ళాను. పద్మ రానంది. సారు లైఫ్ జాకెట్టుతోనే అన్నం తింటున్నారు. పుస్తకం ఆయన ముందు పెట్టి, ఎర్ర అంకెలు చూపించి, మొత్తం చెప్పాను. నాకొచ్చిన హిందీ లెక్కలకి సరిపోదు కాబట్టి మెట్లకి బదులు ఆయన కంచం పక్కన అప్పడాలు పేర్చి చూపించాను.

"ఇంత పెద్ద తప్పు ఎలా చేశారు మాతాజీ?" అన్నారు, వెక్కిరింతగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"చాలా జాగ్రత్తగా చేశాను."

ఆయన నవ్వి, మూడో మెట్టు అప్పడం తినేశారు. కాగితంలో 'చేపలు కనిపించినవి / కనిపించలేదు' అనే గీత దగ్గర ఇంకా ఏమీ రాయలేదట.

"ఆ గీత శుక్రవారం పదకొండు దాకా ఖాళీగా ఉంచండి" అన్నాను.

"శనివారం నా బస్సు. శుక్రవారం పదకొండంటే పదకొండే. ఆ తరవాత రాసేస్తాను."

21వ తేదీ గురువారం మాఘ పున్నమి. ఊళ్ళో మనవాళ్ళంతా సముద్ర స్నానానికి దిగారు. నేనూ మూడు మునకలు వేశాను, కళ్ళు మాత్రం మెట్ల మీదే. తొమ్మిదీ నలభైకి నాలుగో మెట్టు తడిసి ఆగిపోయింది. పున్నమి మర్నాటి పోటు ఇంకాస్త పెద్దదని పుస్తకంలో పదహారేళ్ళుగా ఉంది. అయినా ఆ రోజు నాకు పుస్తకం మీద నమ్మకం లేదు. పద్మ పడవని మళ్ళీ వెల్లకిలా తిప్పింది. అద్దం నాలుగుసార్లు తుడిచింది.

22, శుక్రవారం. తొమ్మిదింబావుకి ఐదో మెట్టు. తొమ్మిదీ నలభైకి నాలుగో మెట్టు. సారు, తాతారావు తప్ప ఊరంతా ఉన్నారు. తాతారావు ఇంజను పడవ వేసుకుని వెళ్ళాడు. తొమ్మిదీ యాభైకి సారు వచ్చారు. పదీ ఐదుకి నీళ్ళు మూడో మెట్టుకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి. పదీ పదికి రెండు వేళ్ళు. పదీ పదిహేనుకి రెండు వేళ్ళు. నా వేళ్ళే, నేనే పెట్టి చూశాను.

"ఎంతసేపు ఇలా ఉంటుంది?" అన్నారు సారు.

"కాసేపు నిలబడి దిగిపోతుంది."

పద్మ నా వైపు చూడలేదు. నీళ్ళ వైపే చూసింది. "గోల్ ఘర్ దుకాణం ఎన్నింటికి తెరుస్తారు పెద్దమ్మా?" అని మెల్లిగా అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు వెనకనుంచి నూకాలు వచ్చింది, గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్టుతో. ఏదీ అడగలేదు. బకెట్టు ఎత్తి మూడో మెట్టు మీద కుమ్మరించింది.

"తడిసింది. రాసుకో."

"అది సముద్రం కాదే!"

"ఉప్పగానే ఉంటాది. పులుసు గిన్నె కడిగేను."

మెతుకులు, చేప ముక్కల తునకలు మెట్టు మీంచి నీళ్ళలోకి జారాయి. వేలెడంత చిట్టి చేపలు ఎక్కణ్ణుంచో వచ్చి ముసిరాయి. నేను నూకాలుని తిట్టడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తాతారావు ఇంజను పడవ జెట్టీకి దగ్గరగా మలుపు తిరిగింది. దాని కెరటం వచ్చి మెట్లకి కొట్టింది. మూడో మెట్టు మీదుగా రెండో మెట్టు దాకా నీళ్ళు పాకాయి.

"పెద్దమ్మా!" అని పద్మ అరిచింది.

గట్టు అంచున నీళ్ళ రంగు మారింది. ముందు నీడ అనుకున్నాను. ఆ నీడ పక్కకి తిరిగి ఒక్కసారిగా తెల్లగా మెరిసింది. పారలు. ముందు ఇరవై, ముప్పై. తరవాత లెక్కలేదు. గట్టు మీంచి వెండి దొర్లినట్టు దాటి జెట్టీ కింద చీకట్లోకి వచ్చాయి. చిట్టి చేపలు చెల్లాచెదురయ్యాయి.

పద్మ సారుని, నన్ను పడవలోకి లాగింది. పెట్టె ఒక్కటే, తలలు రెండు. సారు బోర్లా పడుకున్నారు. లైఫ్ జాకెట్టు ఆయన్ని పైకి ఎత్తుతుంటే పద్మ వీపు మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టింది. నేను పక్కనుంచి తల దూర్చాను. కింద మంద తిరుగుతోంది, నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా. అరచేతి కన్నా పెద్ద ఒళ్ళు, పావలా బిళ్ళంత నల్లకన్ను. దాటిపోతూ ప్రతిదీ ఒకసారి మమ్మల్ని చూసి పోతోంది, వరసలో నిలబడ్డ పెళ్ళివారు వధూవరులని చూసి పోయినట్టు. నేను రెండు వందల పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. అప్పుడు సారు జేబులోంచి పెన్ను జారి నీళ్ళలో పడింది. మంద మొత్తం ఒక్క చేపలా వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి తిరిగింది. ఒక పార వచ్చి పెన్నుని నోట్లో పెట్టుకుని ఊసేసింది. నా లెక్క పోయింది.

సారు పైకి లేచారు. ముఖం మీద పెట్టె అంచు అచ్చు పడింది. "ఎన్ని ఉంటాయి?" అన్నారు.

"నాలుగు వందలకి తక్కువ కావు. కాని అది లెక్క కాదు, అంచనా" అన్నాను.

"చాలు." కాగితం తీసి జేబు తడుముకున్నారు. పెన్ను లేదు. నా సంచిలో పైనే ఉన్న పెన్ను తీసి ఇచ్చాను. అది ఎర్రది. 'కనిపించినవి' అని ఎర్రగా రాసి, కింద ఎర్రగా సంతకం పెట్టారు. పద్మ ఆ కాగితాన్ని వెల్లకిలా పట్టుకుని రంగు అంటిన వేళ్ళతో ఊదింది. ఆరాక కూడా ఊదుతూనే ఉంది.

ఒడ్డు మీద నూకాలు, తాతారావు అప్పటికే కొట్లాటలో ఉన్నారు. "మెట్టు తడిపింది నా కెరటం" అని వాడు. "నీ కెరటం కన్నా ముందు నా బకెట్టు" అని ఇది. సముద్రం తనంతట తను ఇంకో రెండు వేళ్ళు లేచి ఉండొచ్చని నేను అన్నాను. ఇద్దరూ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

24, ఆదివారం. ఉదయం ఐదింటి బస్సు. ఈసారి కిటికీ సీటు దొరకలేదు. జెట్టీ దగ్గర జీపెక్కేటప్పుడు పద్మ నా చేతిలో తడి తువ్వాలు పెట్టింది, దారిలో ముఖం తుడుచుకోమని. దాన్ని ముందు సీటు మీద ఆరేశాను. మాయాబందర్ దాటాక పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. 22వ తేదీ, శుక్రవారం, మూడో మెట్టు, తడి, పారలు ఉన్నాయి. ఇంతవరకు రాశాను. పక్కన రెండు గడులు మిగిలాయి, 'ఎన్నింటికి', 'దేనివల్ల'.

ఎన్నింటికంటే, నేను గడియారం చూడలేదు. పదీ పదిహేనుకి చూశాను. మళ్ళీ చూసేసరికి పదీ యాభై. మధ్యలో ముప్పై ఐదు నిమిషాలు నా లెక్కలో లేవు. చేపల్ని చూస్తున్నాను. పదహారేళ్ళలో అలా ఒక్కరోజూ జరగలేదు. దేనివల్లంటే, ప్రమాణం చేసి చెప్పలేను. బస్సు కుదుపులకి ఆ రెండు గడుల మీద పెన్ను ఆడిస్తూ రంగత్ దాకా వచ్చాను. మొదటిది ఖాళీగా వదిలేశాను. రెండోదానిలో 'నూకాలు' అని రాశాను. రాసిన తరవాత అది శాస్త్రీయం కాదని తోచింది. దిద్దుదామని సంచి వెతికితే ఎర్ర పెన్ను లేదు. అది సారు జేబులో వెళ్ళిపోయింది. అలాగే ఉండనిచ్చాను.

అడవి దారిలో మళ్ళీ వరస. ఈసారి లెక్కపెట్టలేదు. బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి వంపు తిరుగుతుంటే కళ్ళు మూసుకున్నాను. సాయంత్రం ఆరూ పదికి పోర్ట్‌బ్లెయిర్.

మీరు వెళ్ళదలిస్తే పున్నమి మర్నాడు వెళ్ళండి, పొద్దున్న పదింటికల్లా జెట్టీ మీద ఉండండి. పద్మ పడవ నీలం రంగుది. మెట్లు పైనుంచి లెక్కపెట్టండి, మూడోది చూడండి. నీళ్ళు రెండు వేళ్ళు తక్కువైతే నూకాలుని పిలవండి.